చిట్టెలుక గాదె

అకులీనా మడమలకు కళ్ళున్నాయని మా ఊరి ఆడవాళ్ళు అనేవారు. అందులో సగం మెచ్చుకోలు, సగం ఉడుకుమోత్తనం. శరత్కాలం చివర, నేల గడ్డకట్టక ముందు, అందరూ బకెట్లు పట్టుకుని చిట్టెలుక గాదెల కోసం టుండ్రా మీదికి బయల్దేరేవారు. మిగతావాళ్ళు అడుగడుగునా కర్రతో పొడుచుకుంటూ వెతుక్కుంటే, ఆవిడ నాచు మీద మామూలుగా నడుస్తూ, కబుర్లు చెప్తూ, ఠక్కున ఆగిపోయేది. మడమతో ఒకసారి అదిమి, "ఇక్కడుంది" అనేది. అక్కడ నేల పరుపులా దిగేది. నాచు పొర ఎత్తి చూస్తే లోపల ఎలుక చలికాలానికి దాచుకున్న దుంపలు, ఒక్కోటీ చిటికెన వేలి గోరంత, ఎవరో కూర్చుని ఏరి పెట్టినంత శుభ్రంగా ఉండేవి.

ఆ గుంటలో ఉన్నదంతా తీసుకోకూడదు. కొంత ఆ ఎలుకకే వదలాలి. తీసుకున్నదానికి బదులుగా ఓ ఎండు చేప ముక్కో, కాస్త కొవ్వో, ఏమీ లేకపోతే జేబులో ఉన్న బిస్కెట్టో అందులో పెట్టాలి. నాచు మళ్ళీ కప్పి, చలిగాలి దూరకుండా కాలితో అదిమి రావాలి. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పే సంగతి కాదు. తల్లుల వెనకాల తిరిగిన పిల్లలకు దానంతటదే వచ్చేస్తుంది. అకులీనాకు అలాగే వచ్చింది. ఆవిడ చెల్లెలు మత్రోనాకు మాత్రం కాస్త ఎక్కువే వచ్చింది.

చిన్నప్పుడోసారి, తల్లి చేప ముక్క పెట్టి గుంట మూసేలోగా, మత్రోనా తన ఉన్ని చేతితొడుగు కూడా ఊడదీసి లోపల పెట్టేసింది. "దానికి చలేస్తుంది" అంది. తల్లి నవ్వాపుకోలేక అక్కడే కూలబడింది. తొడుగు మళ్ళీ తియ్యబోతే పిల్ల ఏడుపు లంకించుకుంది. చివరికి ఒక చెయ్యి తొడుగులోనూ, రెండో చెయ్యి అక్క చంకలోనూ పెట్టుకుని ఇల్లు చేరింది. మంచుముక్కలాంటి ఆ చెయ్యి అకులీనాకు అరవై దాటాక కూడా గుర్తుండేది.

మత్రోనా పెద్దదయ్యాక నిదానంగా, ఎవరి జోలికీ పోని మనిషి అయింది. మొగుడు నదిలో పోయాడు. పిల్లల్లేరు. అక్క ఇంట్లోనే ఒక గదిలో కూర్చుని చర్మపు బూట్లు కుట్టేది. ఊళ్ళో సగం పాదాలు ఆవిడ బూట్లలోనే తిరిగేవి. అకులీనా దానికి సరిగ్గా ఎదురు. కోపం ముక్కు మీద ఉంటుంది, నోరు ఆగదు, ప్రేమ వచ్చినా తిట్ల రూపంలోనే వస్తుంది. అమ్మ కడుపులో మాటలన్నీ అక్కే ముందొచ్చి పట్టుకుపోయిందని అకులీనా మొగుడు జఖార్ అనేవాడు. అనేసి వెంటనే బయటికి నడిచేవాడు, మిగతాది వినాల్సి వస్తుందని.

ఆ ఏడు వసంతంలో మత్రోనాకు పేగులో క్యాన్సర్ అని తేలింది. మా వైపు ఆ మాట పైకి అనరు. పిలిస్తే పలుకుతుందేమోనని భయం. 'ఆ జబ్బు' అంటారు, అదీ గొంతు తగ్గించి. పేగు కోసి, మందు ఎక్కించడానికి ఎండాకాలమంతా విమానమెక్కి వెళ్ళాల్సిన ఆంకరేజ్ పట్నం ఆసుపత్రిలోనే ఉంచారు. శరత్కాలంలో ఒక విడత మందుకూ మరో విడతకూ నడుమ కొన్నాళ్ళు ఇంటికి పంపారు. ఇంట్లో ఆవిడకున్న పని ఒక్కటే, తినడం. ఇంకా చిక్కితే ఒళ్ళు మందుకు తట్టుకోదనీ, అప్పుడు ఆపెయ్యాల్సి వస్తుందనీ డాక్టరు ముందే చెప్పాడు. ఆసుపత్రిలో తిండి సంగతి చూసే అమ్మాయి మాత్రం మంచం పక్కన కూర్చుని, "మీ ఇంటి తిండే తినండమ్మా. చేప, సీల్ నూనె, బెర్రీలు. వాటిని మించింది నా దగ్గరేం లేదు" అందట.

ఆ మాట విని అకులీనా ఉబ్బితబ్బిబ్బయింది. "చూశావా, ఆ పిల్ల ఎవరో గానీ బుద్ధిమంతురాలు" అని, ఆ రోజే పొయ్యి మీద పెద్ద గిన్నె ఎక్కించింది.

ఇక వంటే వంట. బాతు పులుసు పెట్టింది. చేప తలకాయలు ఉడికించింది. కొవ్వు, తెల్ల చేప, బెర్రీలు కలిపి చెయ్యి నొప్పెట్టేదాకా గిలక్కొట్టి అకుతాఖ్ చేసింది. ఎవరో దుప్పి మాంసం ఇచ్చి పోయారు, ఎవరో సీల్ నూనె సీసా గుమ్మంలో పెట్టి మాట్లాడకుండా వెళ్ళిపోయారు. మత్రోనా అన్నీ ముందు పెట్టుకుని ఒక చెంచా, రెండు చెంచాలు తిని, ఊరుకునేది.

"ఏమే, ఉప్పెక్కువైందా?"

"లేదక్కా, బాగుంది. నోట్లో ఇనుప మేకు పెట్టుకున్నట్టుంది, అంతే. ఏది తిన్నా ఆ మేకే తగుల్తోంది."

ఊరి వైద్యశాలలో పనిచేసే ఫెక్లా రెండ్రోజులకోసారి వచ్చి మత్రోనాను తూకం యంత్రం మీద నిలబెట్టేది. ఫెక్లా వాళ్ళకు మేనత్త కూతురు. మా దగ్గర మేనత్త మేనమామ పిల్లలు ఒకర్నొకరు ఆటపట్టించుకోకపోతే వాళ్ళ మధ్య ఏదో గొడవ జరిగిందని అర్థం. కాబట్టి ఫెక్లా గుమ్మంలో అడుగుపెడుతూనే మొదలెట్టేది.

"వదినా, మత్రోనాకని వండి అంతా మీ ఆయనకే పెడుతున్నట్టున్నావే. చూడు, ఎలా నిగనిగలాడుతున్నాడో. ఆయన్ని పంపిద్దామా ఆసుపత్రికి?"

జఖార్ కనుబొమ్మలు రెండూ పైకెత్తాడు. మా వైపు అవుననడానికి నోరు తెరవక్కర్లేదు, అది చాలు. మత్రోనా నవ్వింది. ఫెక్లా కూడా నవ్వుతూనే యంత్రంలోకి వంగి చూసింది. లేచేసరికి మొహంలో నవ్వు లేదు. వెళ్ళేటప్పుడు అకులీనాను వాకిట్లోకి పిలిచి, "మళ్ళీ తగ్గింది వదినా. విమానం వచ్చేలోగా కాస్త నిలబడితే చాలు. పెరగక్కర్లేదు, నిలబడితే చాలు" అంది.

అలాంటప్పుడు ఓ పొద్దున మత్రోనా కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఎలుక దుంపలు వేసిన పులుసైతే తాగుతానేమో" అంది.

అంతే అంది. కానీ మత్రోనా నోరు తెరిచి ఫలానాది కావాలని అడగడం అకులీనా ఎరగదు. మా వాళ్ళలో అడగటం అలవాటు లేదు. పెట్టేవాళ్ళు కనిపెట్టి పెట్టాలి. అకులీనా చేతిలో పనంతా వదిలేసి, ముందు పెద్ద జేబుండే గుడ్డ చొక్కా తలమీంచి తొడుక్కుని, బకెట్ తీసుకుంది. చేపలు ఎండబెట్టే పొగ గుడిసెలోకి వెళ్ళి ఎలుకకు పెట్టడానికి ఒక ఎండు చేప ముక్క తెంచి జేబులో వేసుకుంది.

తెంచేటప్పుడే ఆవిడ చెయ్యి ఒక క్షణం వెనకాడింది. ఆ ఎండాకాలం నదిలో చేపలు సరిగా ఎక్కి రాలేదు. పై అధికారులు చాలా రోజులు వల వెయ్యనివ్వలేదు. ఏటా చేపలతో ఎర్రగా, బరువుగా వేలాడే దండేలు ఆ ఏడు చాలామటుకు ఉత్త కర్రలే. ఉన్న నాలుగు చేపలూ మత్రోనా కోసం దాచింది. మత్రోనా ఏది తిన్నా తినకపోయినా ఎండు చేప ముక్క ఒకటి బుగ్గన పెట్టుకుని, కరిగేదాకా చప్పరించేది.

ఆ రోజు టుండ్రా మీద ఉత్తర గాలి. నాచు మీద మంచు పేరి కరకరలాడుతోంది. ఎలుకలు తక్కువున్న ఏడో, ముందే ఎవరైనా వచ్చి తీసుకుపోయారో, ఎంత తిరిగినా ఒక్కటీ తగల్లేదు. మధ్యాహ్నం దాటింది. అకులీనా కాళ్ళను తిట్టింది, ఎలుకల్ని తిట్టింది, తనతో రాని ఆడవాళ్ళందర్నీ పేరుపేరునా తిట్టింది. ఇక వెనక్కి తిరుగుదామనుకునేసరికి, చిన్న దిబ్బ పక్కన మడమ మెత్తగా దిగింది.

గాదె చిన్నది. దుంపలన్నీ కలిపినా రెండు గుప్పెళ్ళు. సగం తీసుకుంటే పులుసు కాదు గదా, పులుసు వాసన కూడా రాదు. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని ఆ గుంటలోకి చూసింది. సగం బకెట్లో వేసింది. మళ్ళీ చూసింది. ఫెక్లా వాకిట్లో అన్న మాట చెవిలో పడింది. మిగతా సగం కూడా ఊడ్చి వేసుకుంది.

తర్వాత జేబులో చెయ్యి పెట్టింది. చేప ముక్క తగిలింది. ఎర్రటిది, నూనె మెరుస్తున్నది. ఇది మా చెల్లి నోట్లోది, ఎలుకకెందుకు పెట్టాలి అనిపించింది. అలా అనిపించిందని ఒప్పుకోవడం కూడా ఇష్టం లేనట్టు గబగబా లేచింది. ముక్క జేబులోనే ఉండిపోయింది. గాలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, పొద్దు వాలుతోంది. నాచు పొర కూడా సరిగ్గా కప్పలేదు.

ఇంటికొచ్చి బాతు ఎముకలతో పులుసు కాచి, దుంపలు అందులో వేసి, మెత్తబడ్డాక పైన సీల్ నూనె చుక్క వేసింది. ఇల్లంతా వాసన నిండింది. మత్రోనా తనంతట తనే మంచం మీంచి లేచొచ్చి బల్ల దగ్గర కూర్చుంది. అది చూసి జఖార్ చేతిలో బాగుచేస్తున్న వల పక్కన పెట్టేశాడు. మత్రోనా గిన్నె మీదికి వంగి ఆవిరి పీల్చుకుంది. ఎన్నాళ్ళకో ఆ మొహంలో ఆకలి కనబడింది. చెంచా ముంచి, నోటిదాకా ఎత్తి, ఎప్పుడూ అడిగే మాటే మామూలుగా అడిగింది.

"బదులేం పెట్టావక్కా?"

ఇందులో అనుమానమేం లేదు. ఎలుక దుంపలు తినేముందు ఎవరైనా అడిగే మాటే. పెట్టానని ఓ ముక్క అనేస్తే అయిపోయేది. ఎప్పుడూ ఆగని నోరు అకులీనాకు అప్పుడే ఆగింది. ఆగి, తర్వాత వంకరగా కదిలింది.

"పెట్టడానికి ఈ ఏడు ఏముందే మన దగ్గర?"

మత్రోనా చెంచా దించింది. "కాస్తయినా వదిలావా?"

"రెండు గుప్పెళ్ళుంటే అందులో వదిలేదేంటి? తిను ముందు, చల్లారిపోతుంది."

మత్రోనా తినలేదు. కోప్పడలేదు కూడా. గిన్నె మెల్లగా అక్క వైపు జరిపింది. "దానికి చలికాలమంతా అదే గదా అక్కా. నాకు విమానం ఉంది, ఆసుపత్రి ఉంది, నువ్వున్నావు. దానికి ఆ గుంట ఒక్కటే."

"ఎలుకే అది. ఇంకోచోట తవ్వుకుంటుంది."

"నేల గడ్డకట్టాక ఎక్కడ తవ్వుతుంది?"

"అయితే ఏమంటావ్? ఆ ఎలుక కోసం నువ్వు చస్తావా?"

అనేసింది. ఏ చావును పిలిస్తే పలుకుతుందని ఊరంతా భయపడుతుందో, ఆ మాటని చెల్లెలి మొహం మీదే అనేసింది. జఖార్ తల ఎత్తి భార్యను చూసి, మళ్ళీ వల ఒళ్ళోకి తీసుకున్నాడు. మత్రోనా బల్ల పట్టుకుని లేచి గదిలోకి వెళ్ళిపోయింది. పులుసు బల్ల మీద అలాగే ఉండి పైన నూనె తెల్లగా పేరింది.

"రేపెళ్ళి ఓ చేప ముక్క పెట్టిరా. అదే గదా తనడిగేది" అన్నాడు జఖార్.

"నాకు తెలుసు, నువ్వు చెప్పక్కర్లేదు" అంది అకులీనా.

తెల్లారేసరికి ఊరంతా తెల్లగా ఉంది. ఆ ఏటి మొదటి మంచు. అకులీనా చేప ముక్కా, చిన్న గొడ్డలీ పట్టుకుని నిన్నటి దారినే వెళ్ళింది. దారి ఉంటేగా. దిబ్బలన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. మంచును కాళ్ళతో తోసుకుంటూ మడమ వేసిన చోటల్లా నేల రాయిలా టంగుమంది. ఆవిడ మడమలకున్న కళ్ళు మూసుకుపోయాయి. ఓ చోట అదేననిపించి గొడ్డలి పెట్టి కొట్టింది. కింద ఏ గుంటా లేదు. ఇంకోచోట కొట్టింది. అక్కడ నిన్న తను మూయకుండా వచ్చిన గుంటలోకి నీళ్ళు దిగి గడ్డకట్టాయో, లేక అది వట్టి నీటి మడుగో, గాజులాంటి మంచు తప్ప ఏమీ లేదు. ఆవిడ అక్కడే కూర్చుని ఏడ్చింది. ఎవరూ లేరు గనక గట్టిగానే ఏడ్చింది. చేప ముక్క మంచు మీద పెట్టి రావచ్చు. కానీ అది ఏ కాకో ఎత్తుకుపోతుంది. అలా పెట్టడం పెట్టడం కాదని ఆవిడకు తెలుసు. మళ్ళీ జేబులో వేసుకుని, ఇంటికెళ్ళేముందు పొగ గుడిసెలో ఎప్పటి చోటే తగిలించింది.

మత్రోనా గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అకులీనా చెయ్యి వెనక్కి పెట్టుకుని, "పెట్టే వచ్చాను. కప్పి వచ్చాను కూడా" అంది.

మత్రోనా తలెత్తి చూసింది. అక్క కళ్ళు చూసింది, బూట్లు చూసింది. ఆ బూట్లు తను కుట్టినవే. వాటి మీద మంచు ఉంది గానీ మట్టి మరక ఒక్కటి లేదు. ఆ చూపు ఎంతసేపుందో అకులీనాకు తెలియలేదు గానీ, ఆవిడకు చెమట పట్టింది. తర్వాత మత్రోనా కనుబొమ్మలు పైకెత్తింది. "అయితే వేడి చెయ్యక్కా, తింటాను" అంది.

తింది. గిన్నెలో అడుగుదాకా తింది. దుంపలు ఒక్కొక్కటీ నమిలి, బాగుంది అంది, అమ్మ చేసినట్టే ఉంది అంది. తర్వాత రోజు కాస్త చేప తింది, ఆ తర్వాత కాస్త అకుతాఖ్ తింది. ఆ పులుసే నోట్లో మేకు తీసేసిందో, లేక తినాలని గట్టిగా అనుకుందో, ఎవరు చెప్పగలరు. ఫెక్లా వచ్చి తూకం చూసి, "వదినా, నిలబడింది" అని అకులీనా వీపు మీద ఒక్కటిచ్చింది. "ఇప్పుడు మీ ఆయన చిక్కుతున్నాడు చూడు, పాపం." అకులీనా నవ్వింది. నవ్వుతుంటే లోపల ఏదో గుచ్చుకుంది. తను అబద్ధమాడింది, చెల్లెలు నమ్మి తింది, బరువు నిలబడింది. మంచే జరిగింది కదా, ఇంకేం కావాలి అని మనసుకు నచ్చజెప్పుకుంది.

విమానం వచ్చిన రోజు మత్రోనాను బండి మీద కూర్చోబెట్టుకుని ఊరి చివర విమానం దిగే చోటికి తీసుకెళ్ళారు. ఆసుపత్రిలో తినడానికని అకులీనా ఉన్న ఎండు చేపంతా సంచిలో కట్టిచ్చింది. విమానం మెట్ల దగ్గర మత్రోనా అక్కను వాటేసుకుంది. ఇంత పల్చనైపోయిందేమిటి అనుకుంది అకులీనా. తూకం నిలబడిందంటే నమ్మబుద్ధి కాలేదు.

"అక్కా, నేల మెత్తబడ్డాక ఒకసారి వెళ్ళు" అంది మత్రోనా చెవిలో.

బెర్రీల కోసం చెప్తోందనుకుంది అకులీనా. "నువ్వొచ్చాక ఇద్దరం వెళ్దాంలే" అంది. ఇంజన్ రొదలో అది మత్రోనాకు వినబడిందో లేదో.

ఇంటికొచ్చి చేతులు వెచ్చబెట్టుకుందామని చొక్కా ముందు జేబులో పెట్టుకుంటే, లోపల ఎండు చేప ముక్క తగిలింది. తను సంచిలో కట్టిచ్చిన చేపే. వాటేసుకున్నప్పుడు మత్రోనా పెట్టింది, ఆ ఎలుక గుంట కోసం.

అకులీనా ఆ ముక్కను చేతిలో పట్టుకుని పొయ్యి పక్కన కూర్చుండిపోయింది. మత్రోనాకు తెలుసు. అబద్ధం చెప్పినప్పుడే తెలుసు. బదులు పెట్టని దుంపలని తెలిసే తింది. పుట్టి బుద్ధెరిగాక ఒకరి నోటిది లాక్కుని తినని మనిషి, చేతితొడుగు తీసి ఎలుకకిచ్చిన మనిషి, ఆ గిన్నె అడుగుదాకా ఖాళీ చేసింది. బతకడానికి తినలేదు. అక్క మంచులో రోజంతా తిరిగి చేతులూపుకుంటూ వచ్చిందని, ఆ మొహం చూడలేక తింది.

తర్వాత వాళ్ళు ఫోన్లో చాలాసార్లు మాట్లాడుకున్నారు. ప్రతిసారీ అకులీనా చెప్పేద్దామనుకునేది. చెల్లీ, ఆ రోజు నేను పెట్టలేదే అని, ఆ ఒక్క ముక్క. ఫోన్ ఎత్తగానే కుక్క ఈనిన సంగతి, నది గడ్డకట్టిన సంగతి, ఫెక్లా మంచు మీద జారిపడ్డ సంగతి చెప్పేది. మత్రోనా అన్నీ విని నవ్వేది.

"ఇవాళ ఇక్కడ మన చేప పులుసు పెట్టారక్కా."

"ఎలా ఉంది?"

"బాగానే ఉంది. నీ అంత కాదు."

"నా అంత ఎలా ఉంటుందిలే" అని పెట్టేసేది. పెట్టేశాక చాలాసేపు ఆ ఫోన్ దగ్గరే నిలబడేది.

మందు ఎక్కించారు. ఒంటికి పట్టింది కూడా అన్నారు. కానీ జబ్బు అప్పటికే కాలేయం దాకా పోయిందట. క్రిస్మస్‌కి జరిపే నక్షత్రం పండగకి ఊళ్ళో ఇంటింటికీ పాటలు పాడుతూ వెళ్ళే రోజుల్లో మత్రోనా విమానంలో పెట్టెలో వచ్చింది. చర్చిలో జఖార్ ఏడ్చాడు, ఫెక్లా ఏడ్చింది. అకులీనా ఏడవలేదు. ఆ దుంపల వల్ల చెల్లెలు పోలేదని ఆవిడకూ తెలుసు. వాటి వల్ల బతికేదీ కాదు. ఆవిడ బాధ అది కాదు. బతికున్న చెల్లెలికి ఒక్క నిజం చెప్పడానికి అన్ని ఫోన్లు చాలలేదు. అదీ బాధ.

వసంతంలో నది మీది మంచు పగిలి, నేల మెత్తబడ్డాక అకులీనా ఒక్కతే ఆ దిబ్బ దగ్గరికి వెళ్ళింది. మంచు లేకపోతే ఎంత సులువు. నడుస్తూనే మడమ గుర్తుపట్టింది. నాచు పొర ఓ పక్కకు పడి ఉంది, తను వదిలేసినట్టే. గుంటలో నల్లటి నీళ్ళు, కుళ్ళిన గడ్డి. ఏ ప్రాణీ అక్కడ తిరిగిన జాడ లేదు. చలికాలమంతా దాచిన చేప ముక్కను ఆవిడ అందులో పెట్టి, నాచు కప్పి, రెండు కాళ్ళతోనూ అదిమింది. చేయాల్సింది చేసింది. మనసు మాత్రం కుదుటపడలేదు.

అంతకు కొన్ని వారాల ముందే ఫెక్లా కూతురికి ఆడపిల్ల పుట్టింది. మా ఊళ్ళో పుట్టిన బిడ్డకు ఈమధ్య పోయినవాళ్ళ పేరు పెడతారు. పేరుతోపాటు మనిషీ వస్తుంది. పోయినవాళ్ళకు ఇష్టమైంది ఆ బిడ్డ నోట్లో పెడితే వాళ్ళకు అందుతుంది. ఫెక్లా మనవరాలికి మత్రోనాను చిన్నప్పుడు ఇంట్లో పిలిచిన మా భాష పేరే పెట్టారు, ఆర్నాఖ్ అని. ఫెక్లా పరుగెత్తుకొచ్చి, "వదినా, మీ చెల్లెలు వచ్చింది, రా" అంది.

అకులీనా వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదంది. తర్వాత చేపల పనుందంది. బూట్లు, టోపీ జఖార్‌తో పంపింది గానీ తను గడప దాటలేదు. ఆ పిల్ల కళ్ళలోకి చూడటానికి ఆవిడకు మొహం చెల్లలేదు. ఊళ్ళోవాళ్ళు అందరూ ఎత్తుకున్నారు, ముద్దులాడారు, మత్రోనాను అత్తా అన్నవాళ్ళు అత్తా అని, పిన్నీ అన్నవాళ్ళు పిన్నీ అని పిలుచుకున్నారు. అక్క మాత్రం రాలేదు.

ఎండాకాలం చివర ఫెక్లా దారిలో పట్టుకుంది. ఈసారి ఆటపట్టించలేదు. "వదినా, నీ చెల్లెలు ఊళ్ళో అందర్నీ చూసింది, నిన్ను తప్ప. ఏం, ఆవిడ మీద అలిగావా?"

"నేనెందుకు అలుగుతాను" అంది అకులీనా. "ఆవిడే అలగాలి."

ఫెక్లాకు అర్థం కాలేదు. అకులీనా తన దారిన వెళ్ళిపోయింది.

ఆ శరత్కాలం నేల ఇంకా మెత్తగా ఉండగానే అకులీనా బకెట్ తీసుకుంది. పొగ గుడిసెలో ఆ ఏడు కూడా చేప అంతంతమాత్రమే. ఆవిడ వెనకాడకుండా అన్నిటికంటే ఎర్రగా ఉన్న దాని పొట్ట ముక్క కోసి జేబులో వేసుకుంది. ఆ దిబ్బకు కాస్త అవతల కొత్త గాదె ఒకటి దొరికింది. పెద్దదే. అందులోంచి సగం కూడా తియ్యలేదు. ఒక గుప్పెడు తీసుకుని, చేప ముక్క పెట్టింది. మూయబోయి ఆగి, అటూ ఇటూ చూసింది. ఎడమ చేతితొడుగు ఊడదీసి అది కూడా లోపల పెట్టి కప్పేసింది.

పులుసు కాచి, గిన్నె గుడ్డలో చుట్టుకుని తిన్నగా ఫెక్లా ఇంటికి వెళ్ళింది. ఫెక్లా తలుపు తీసి, ఆవిడను చూసి, పక్కకు జరిగింది. తర్వాత ఉండబట్టలేక, "రెండో తొడుగేది?" అంది.

"పారేసుకున్నాను."

"ఈ వయసులో ఒక చెయ్యి చాలనుకున్నావా ఏం?"

పిల్ల నేల మీద దుప్పట్లో కూర్చుని ఉంది. కింది చిగుళ్ళ మీద రెండు పళ్ళు. అకులీనా ఎదురుగా చతికిలబడింది. పిల్ల ఆవిడను ఎగాదిగా చూసింది. మొహం చూసింది, బూట్లు చూసింది. అకులీనాకు నిరుడు పట్టిన చెమటే మళ్ళీ పట్టింది. దుంప ఒకటి తీసి, వేళ్ళ మధ్య మెత్తగా నలిపి, పులుసులో ముంచి, ఆ చిన్న నోట్లో పెట్టింది.

పిల్ల మొహం ముడిచి ఉమ్మేసింది.

"ఏడుస్తూ పెడితే ఎవరు తింటారు వదినా" అంది ఫెక్లా. అప్పటిదాకా తను ఏడుస్తున్నట్టు అకులీనాకు తెలియదు. చర్చిలో రాని ఏడుపు అది. చొక్కా చివరతో కళ్ళు తుడుచుకుని, పిల్ల గడ్డం మీద అంటిన దుంపను వేలితో తీసి, మళ్ళీ ఆ నోటి దగ్గర పట్టింది. పిల్ల నోరు తెరవలేదు. ఆ చల్లటి వేలిని గుప్పిట పట్టుకుని, ఎదురుచూస్తున్నట్టు అలాగే ఉండిపోయింది.

అకులీనా వంగి, ఫెక్లాకు వినబడనంత మెల్లగా అంది.

"తిను చెల్లీ. అప్పుడు పెట్టలేదు. ఈసారి బదులు పెట్టే తెచ్చాను."